రువైస్‌లో ఇవ్వని ఉత్తరం

అబుధాబికి వచ్చి ఇరవై మూడేళ్ళయినా నేను రువైస్ మొహం చూడలేదు. చూసి తీరాల్సిన ఊరని ఎవరూ చెప్పరు. నూనెశుద్ధి కర్మాగారం, దాని పక్కన కంపెనీ ఇళ్ళు, ఆ తర్వాత సౌదీ సరిహద్దు దాకా ఇసుక. అలాంటి చోటికి ఒక ఆదివారం డ్యూటీ మార్పించుకుని మరీ వెళ్ళానంటే అది విహారం కాదు. నేను చేసిన ఒక తప్పు దిద్దుకోవడానికి వెళ్ళాను. దిద్దానో, ఇంకాస్త పెంచానో చదివాక మీరే చెప్పాలి.

నేను ఆసుపత్రిలో నర్సుని. మాది నరసాపురం దగ్గర. మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఉంటాం. మా తెలుగు సహవాసం అక్కడికి దగ్గర్లోనే ఒక అద్దె హాల్లో కూడుకుంటుంది. వారాంతం శని ఆదివారాలకు మారాక మా ఆరాధన కూడా శుక్రవారం నుంచి ఆదివారానికి మారింది. కరోనా దాటేసరికి పెద్దవాళ్ళం బాగా అలసిపోయాం. పిల్లలు హాలు వెనక బెంచీలో ఫోన్లు చూసుకుంటూ కూర్చునేవారు. వాళ్ళకు బాధ్యత ఇస్తే తప్ప నిలవరని యవ్వనస్థుల కూటం పెట్టాం. పాటలు ఎంచుకోవడం, ముసఫ్ఫా కార్మికుల క్యాంపుల్లో జబ్బుపడిన వాళ్ళను చూసి రావడం, పండగల ఏర్పాట్లు అన్నీ వాళ్ళకే వదిలేశాం. పద్దెనిమిది నుంచి ఇరవై ఎనిమిదేళ్ళ వాళ్ళు చేరవచ్చు, పేరుతో పాటు ఎమిరేట్స్ ఐడీ ఫోటో పంపాలి. ఈ నిబంధన రాసింది నేనే. కొలతలూ తేదీలూ సరిగ్గా ఉండాలనేది నర్సుల జబ్బు.

పద్నాలుగు పేర్లు వచ్చాయి. అందరూ మాలాంటి నర్సుల పిల్లలు, ఇంజనీర్ల పిల్లలు. మా అమ్మాయి షైనీ కార్యదర్శి అయింది. దానికి ఇరవై. పదిహేనో పేరు దీవెనది. పాలకొల్లు పక్క పల్లె పిల్ల, రువైస్‌లో ఒక ఇంట్లో పనిచేస్తుంది. ఆ ఇంటివాళ్ళు నెలకోసారి అబుధాబి వచ్చేటప్పుడు అప్పుడప్పుడూ తీసుకొచ్చి మా హాలు దగ్గర దింపేవారు. మంచి గొంతు. ఐడీ తెరిచి చూస్తే ముప్పై మూడేళ్ళు. నీకు వయసు దాటిందమ్మా, స్త్రీల సమాజంలో చేరు అని వాట్సాప్‌లో పెట్టాను. సరే ఆంటీ అని జవాబిచ్చింది. ఆ తర్వాత మూడు నెలలు రాలేదు.

ఆ సంగతి నేను మర్చిపోయే ఉండేదాన్ని. ఒక రోజు మరియమ్మ అనే మా సంఘస్థురాలు బీపీ చూపించుకోవడానికి ఆసుపత్రికి వచ్చింది. ఆవిడా ఇళ్ళలో పనిచేస్తుంది, దీవెనది ఆవిడ ఊరే. మాటల మధ్య దీవెన వయసు సంగతి అన్నాను. మరియమ్మ నా మొహం వంక వింతగా చూసింది.

“అదేంటండి సిస్టరుగారూ, దానికి ముప్పై మూడేంటండి? మా చిన్నదానితో సండే స్కూలుకెళ్ళిన పిల్లండి అది. ఇరవై రెండు నిండేయో లేదో.”

అప్పటికి గానీ నా బుర్రకు ఎక్కలేదు. ఇంటిపని వీసా మీద గల్ఫ్ రావాలంటే ఆడవాళ్ళకు ముప్పై ఏళ్ళు నిండాలని మన దేశం నిబంధన పెట్టింది. ఆడపిల్లలు అన్యాయమైపోకూడదని పెట్టిందే. ఊళ్ళో ఏజెంటు మాత్రం పిల్లను ఆపడు, పిల్ల వయసు పెంచుతాడు. దీవెన ఇరవై ఏళ్ళకు విమానమెక్కినప్పుడే కాగితం మీద ముప్పై ఒకటి. మా హాల్లో ఇరవై ఏళ్ళ పిల్లలంతా దాన్ని దీవెన ఆంటీ అనేవారు. అది నవ్వి ఊరుకునేది. మా షైనీ కంటే రెండేళ్ళు పెద్ద, అంతే.

ఫోన్ చేసి మాట్లాడితే ఇంకో సంగతి తెలిసింది. సంఘంలో నీకేదైనా బాధ్యత ఉందని మీ వాళ్ళు ఉత్తరం ఇస్తే నెలకో ఆదివారం తప్పకుండా పంపుతానని దాని మేడమ్ మాట ఇచ్చిందట. ఊరికే తిరగడానికైతే పంపదట. వీలైతే మీ సంఘం మనిషి ఎవరైనా వచ్చి నాతో మాట్లాడాలని కూడా అందట. ఆ ఒక్క ఆదివారం కోసమే దీవెన యవ్వనస్థుల కూటానికి పేరు ఇచ్చింది. నేను ఐడీ చూసి కొట్టేశాను.

ఇంకేం ఆలోచించలేదు. మా పాస్టరుగారిని ఒప్పించి ఉత్తరం నేనే ఇంగ్లీషులో టైపు చేశాను. దీవెన, వయసు ఇరవై రెండు, మా యవ్వనస్థుల కూటంలో సభ్యురాలు, పాటల బాధ్యత ఆమెది అని రాశాను. ఈ దేశంలో ఒక్క కాగితం మీదైనా ఆ పిల్ల అసలు వయసు ఉండాలని పట్టుదలగా రాశాను. సంఘం ముద్ర కొట్టించి, ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని బయల్దేరాను.

ఆదివారం పొద్దున్న ఆరుంబావుకు ఇంట్లోంచి కదిలాను. రువైస్ బస్సు ముసఫ్ఫా వైపు కూడా ఆగుతుందని కొందరన్నారు గానీ, సీటు దొరుకుతుందో లేదోనని సిటీ బస్సులో అబుధాబి పెద్ద బస్టాండుకే వెళ్ళాను. వెళ్ళాలనుకునే వాళ్ళు హఫిలాత్ అనే బస్సు కార్డులో రానుపోనూ డబ్బు ముందే వేయించుకోండి, డ్రైవరు నోట్లు తీసుకోడు. ఏసీ చలి మామూలుగా ఉండదు, శాలువా తప్పనిసరి. ముందు వరసలు ఆడవాళ్ళవి. కుడివైపు కూర్చుంటే అక్కడక్కడా సముద్రం కనిపిస్తుంది.

ఏడున్నరకు బస్సు కదిలింది. మఫ్రక్ దాటేసరికి మేడలు అయిపోయాయి. రోడ్డుకి రెండు పక్కలా కంచె, కంచె వెనక వరస తప్పని ఖర్జూరపు మొక్కలు, వాటి మొదళ్ళలో నల్లటి నీటి గొట్టాలు. ఆ మొక్కల వరస వెనక అంతా ఉప్పు పేరుకున్న బూడిదరంగు నేల. సరిహద్దుకి పోయే లారీలు ఒకదాని వెనక ఒకటి. నా పక్కన కూర్చున్న ఫిలిప్పీన్స్ అమ్మాయి కదలకుండా నిద్రపోయింది. తెచ్చుకున్న ఇడ్లీలు ఎనిమిదిన్నరకు తినేశాను. మనసు కుదుటపడక ఉత్తరం తీసి రెండుసార్లు చదువుకున్నాను.

షైనీ ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడటం వెనక సీటాయన విన్నాడు. తెలుగువాళ్ళా మేడమ్ అని పలకరించాడు. పేరు గంగాధర్, జగిత్యాల దగ్గర, రువైస్‌లో టైపింగ్ సెంటరులో పని. వీసా ఫారాలు, ఐడీ ఫారాలు నింపడమే పద్దెనిమిదేళ్ళుగా తన బతుకని చెప్పాడు. పదింటి లోపే మిర్ఫాలో బస్సు ఆగితే దిగి తలా ఒక కరక్ చాయ్ తాగాం. నేను వద్దన్నా ఆయనే డబ్బులిచ్చాడు. కాగితాల మనిషి కదా అని, ఇంగ్లీషు సరిగ్గా ఉందో లేదో చూడమని ఉత్తరం చేతికిచ్చాను.

ఆయన చదివి చాయ్ కప్పు గోడ మీద పెట్టాడు. ఈ పిల్ల ఇంటిపని వీసా మీద ఉందా అని అడిగాడు. ఉందన్నాను.

“గట్లయితే ఈ కాగితం ఆ ఇంట్ల ఇయ్యకుండ్రి మేడమ్. ముప్పై దాటకుంట ఆ వీసా రాదు. ఐడీల ఒక లెక్క, మీ ముద్ర కింద ఇంకో లెక్క. రేపు ఎవలన్న రెండు పక్కపక్కన వెట్టి చూస్తే మీకేం గాదు. పిల్లకు ఖలాస్.”

ఆయన ఉత్తరం మడిచి, రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు. అసొంటి పిల్లలు తన దగ్గరికి రోజూ వస్తారని, ఫారంలో పుట్టిన తేదీ అడిగితే కాసేపు ఆలోచించుకుని చెప్తారని, అప్పుడే తనకు తెలిసిపోతుందని, అయినా తెలిసినట్టు కనపడనని చెప్పాడు. ఆయనకు తెలిసిన ఈ చిన్న సంగతి ఇరవై మూడేళ్ళలో నాకెందుకు తెలియలేదా అని సిగ్గేసింది. తెలుసుకోవాలని ఎప్పుడైనా అనుకుంటే కదా.

వెనక్కి తిరిగి వెళ్ళిపోదామా అనుకున్నాను. కానీ దీవెన పొద్దున్న ఆరింటికే బయల్దేరారా ఆంటీ అని మెసేజ్ పెట్టింది. బస్సెక్కాను.

రువైస్ ముందు పొగగొట్టాలతో కనిపిస్తుంది. వాటి కొసన పట్టపగలు కూడా మంట మండుతూ ఉంటుంది. పదకొండుంబావుకు దిగాను. గంగాధర్ నాకు టాక్సీ మాట్లాడి, జాగ్రత్త మేడమ్ అని తన దారిన పోయాడు. కంపెనీ ఇళ్ళు మాత్రం పద్ధతిగా ఉన్నాయి. చెట్లు, నడకదారులు, పిల్లల ఉయ్యాలలు అన్నీ ఉన్నాయి. ఉయ్యాలల దగ్గర పిల్లల్ని ఊపుతున్న వాళ్ళలో నాలుగైదు దేశాల ఆడవాళ్ళు కనిపించారు. వాళ్ళందరి మొహాలు చూసుకుంటూ నడిచాను. ఎవరి వయసెంతో అని ఆ రోజు మొదటిసారి అనుమానంతో చూశాను.

దీవెన తలుపు తీసింది. నన్ను చూడగానే నా చేతిసంచి లాక్కుని లోపలికి దారి చూపించింది. మేడమ్ ఉత్తరాది ఆవిడ. భర్త కర్మాగారంలో ఇంజనీరు. మంచి మనిషే. కూర్చోబెట్టి సమోసాలు పెట్టింది. హిందీలో మాట్లాడుకున్నాం. దీవెన చేతివంట గురించి, దాని నెమ్మది గురించి చెప్పింది. ఘర్ కీ హై అని రెండుసార్లు అంది, అంటే ఇంటి మనిషేనని. ఆ మాటకు సాక్ష్యంగా ఫ్రిజ్ మీద అంటించిన ఫోటో చూపించింది. పుట్టినరోజు కేకు, దాని మీద మూడు అంకె కొవ్వొత్తులు రెండు, కేకు వెనక దీవెన. పక్కన ఇంటి పిల్లలిద్దరూ చప్పట్లు కొడుతున్నారు. ఆ రోజు దాని పుట్టినరోజు కాదు, వయసు అది కాదు. అయినా ఊది ఆర్పి, కేకు కోసి అందరికీ పెట్టిందట.

మేడమ్ ఉత్తరం అడిగింది. అందులో ఒక తప్పు దొర్లింది, ఇక్కడే ఇంకోటి రాసి ఇస్తాను, ముద్ర తర్వాత వేయించి పంపుతాను అన్నాను. నా ఆసుపత్రి కార్డు చూపించాను. ఆవిడ దాన్ని ఫోనులో ఫోటో తీసుకుని, తెల్ల కాగితం, పెన్నూ తెచ్చిచ్చింది. లోపల పిల్లవాడెవరో పిలిస్తే లేచి వెళ్ళింది.

దీవెన చాయ్ కప్పులు తీయడానికి వచ్చి నా పక్కన నిలబడింది. జరిగింది తగ్గు గొంతుతో చెప్పాను. ఉత్తరం ఒకసారి చూపించమంది. కవరులోంచి తీసి ఇచ్చాను. చేతులు కొంగుకి తుడుచుకుని పట్టుకుంది. ఇంగ్లీషు దానికి పెద్దగా రాదు, అంకెలు వచ్చు. ఇరవై రెండు అన్న అంకె మీద వేలు పెట్టి ఆగింది.

“వచ్చిన కాడ్నుంచీ ఇది ఎక్కడా రాయలేదండి. ఇంట్లో పిల్లలూ ఆంటీ అంటారు, హాల్లో మనోళ్ళూ ఆంటీ అంటారు. నా ఈడు వాళ్ళ మధ్య ఒక పూట కూకుందామనుకున్నానండి, అంతే.”

అది నన్ను తిడితే బావుండుననిపించింది. ఇంకేదైనా దారి చూద్దాం, పాస్టరుగారితో మాట్లాడతాను అన్నాను. అది తల అడ్డంగా ఊపింది. లోపలి గదివైపు ఒకసారి చూసి ఉత్తరం నా సంచిలో పెట్టేసింది.

“స్త్రీల సమాజమనే రాసెయ్యండాంటీ. ముప్పై మూడనే రాయండి. ఆదివారం పోతే మళ్ళీ దొరకదు.”

రాశాను. ఆసుపత్రిలో రోజుకి నలభై పేర్లు, నలభై వయసులు రాసే చేయి ఇది. ఆ రెండు అంకెలు వేయడానికి మాత్రం పెన్ను కదలలేదు. దీవెన, వయసు ముప్పై మూడు, మా స్త్రీల సమాజ సభ్యురాలు, పిల్లలకు పాటలు నేర్పే బాధ్యత ఆమెది. కింద నా పేరు, సంతకం. ఏజెంటు ఊళ్ళో ఎక్కడో కూర్చుని చేసిన పనినే నేను సమోసా ప్లేటు పక్కన కూర్చుని నా చేతి రాతతో చేశాను. వాడు డబ్బు తీసుకున్నాడు, నేను తీసుకోలేదు. తేడా అంతే.

మేడమ్ వచ్చి చదివి బాగుందంది. పిల్లలకు నేర్పడమంటే మంచి పని, ఆ వయసు వాళ్ళే ఓపిగ్గా చెప్పగలరు అంది. నెల మొదటి ఆదివారం తొమ్మిదికి దింపి రెండింటికి తీసుకెళ్తామని మాట ఇచ్చింది. దీవెన గుమ్మం దగ్గర నిలబడి థ్యాంక్యూ మేడమ్ అంది. నిజంగానే సంతోషంగా అంది.

భోజనం చేసి వెళ్ళమన్నారు గానీ వద్దన్నాను. రెండున్నరకు లేచాను. గేటు దాకా వచ్చి రావడానికి దీవెనకి పది నిమిషాలు అనుమతి దొరికింది. దారిలో ఎక్కువ మాట్లాడలేదు. వాళ్ళ అమ్మ మోకాళ్ళ నొప్పికి ఏ మాత్రలు వాడాలో అడిగింది, చెప్పాను. గేటు దగ్గర ఆగి, ఆ ఉత్తరం చింపకండి అంది.

“దాచండాంటీ. ఇంటికెళ్ళే నాడు తీసుకుంటాను.”

ఎప్పుడు వెళ్తావని అడిగాను. ఇంకో రెండేళ్ళ ఒప్పందం రాసిందట. అప్పటికి దీనికి ఇరవై నాలుగు, పాస్‌పోర్టుకి ముప్పై అయిదు. గేటు లోపల నిలబడి చేయి ఊపుతుంటే, ఎండ మొహం మీద పడి పదహారేళ్ళ పిల్లలా కనిపించింది. దీనికి ముప్పై మూడని మూడు నెలల కిందట ఒక ఐడీ ఫోటో చూసి ఎలా నమ్మానో అర్థం కాలేదు.

మూడున్నరకు అబుధాబి బస్సు. బస్టాండు పక్క మలయాళీ హోటల్లో పరోటా, గుడ్డు కూర దొరుకుతాయి. నేను ఒక పరోటా తిన్నాననిపించి లేచాను. ఈసారి సముద్రం ఎడమవైపు. మిర్ఫా దాటాక ఎండ తగ్గింది. ఉప్పు నేల మీద లారీల నీడలు పొడుగ్గా సాగాయి. నేను సంచిలోంచి ఉత్తరం తీయలేదు. తీయకపోయినా అది అక్కడ ఉందన్న స్పృహ పోలేదు.

మా స్త్రీల సమాజం జాబితా మనసులో తిరిగింది. ఇళ్ళలో పనిచేసే వాళ్ళు అందులో పదకొండు మంది. ఒక్కరికీ ముప్పైకి తక్కువ లేదు. ఎలా ఉంటుంది? వాళ్ళలో ఇద్దర్ని నేను అక్కా అని పిలుస్తాను, నన్ను మించి అలిసిపోయినట్టు కనిపిస్తారు కాబట్టి. ఎంతమంది నిజంగా అక్కలో, ఎంతమంది మా షైనీ ఈడు వాళ్ళో నాకు తెలియదు. అడిగే హక్కూ లేదు. అడిగితే భయపడతారు. నేను ఇరవై నాలుగేళ్ళకు ఈ దేశం వచ్చినప్పుడు ఒక చిన్న గదిలో ఏడుగురు కుర్ర నర్సులం కలిసి పాడుకునేవాళ్ళం. ఆ గది లేకపోతే మొదటి ఏడాదే తిరిగి వెళ్ళిపోయేదాన్ని. అలాంటి గది పిల్లలందరికీ కావాలని కూటం పెట్టి, ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళనే గుమ్మం బయట నిలబెట్టాను. వచ్చే సమావేశంలో ఐడీ నిబంధన తీసేయించాలని బస్సులోనే నిశ్చయించుకున్నాను. కారణం ఏం చెప్పాలో మాత్రం తోచలేదు. అసలు కారణం చెప్పకూడనిదే.

రువైస్ ఎలా ఉందని ఎవరైనా అడిగితే శుభ్రంగా ఉంది, రోడ్డు బావుంది, నాలుగు గంటల లోపు ప్రయాణం అని చెప్తాను. అంతకు మించి చెప్పేవి చెప్పుకునేవి కావు.

తరీఫ్ దగ్గరికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. షైనీ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. యవ్వనస్థుల కూటం వాళ్ళు మొదటి ఆదివారానికి పాటలు పంచుకుంటున్నారట. మమ్మీ, దీవెన ఆంటీ వస్తారా అని అడిగింది.

ఆంటీ కాదే, నీ ఈడు పిల్లే అని టైపు చేశాను. పంపబోతూ ఆగాను. షైనీకి చెబితే కూటం గ్రూపులోకి వెళ్తుంది, అందులో పద్నాలుగు మంది పిల్లలు, పద్నాలుగు ఫోన్లు. అక్షరం అక్షరం చెరిపేశాను.

వస్తారు అని పంపాను.